పాలోళ్ళ బంగళా

మా నాన్న చేతిలో ఏడు కుటుంబాల ఇంటి తాళాలు ఉండేవి. ఆ ఇంట్లో మాకు మాత్రం ఒక గది కూడా లేదు. జహీరాబాద్ దాటాక బొంబాయి రోడ్డు నుంచి ఎడమకు దిగే ఎర్రమట్టి బాట చివర, చెరుకు తోటకూ అల్లం చేనుకూ నడుమ ఉన్న పాత బంగళా అది. ఎనభైల మొదట్లో హైదరాబాద్‌కు చెందిన ఏడు కుటుంబాలు కలిసి దాన్ని కొన్నాయి. గాలి మార్పు కోసం, సెలవుల కోసం. ఎవరికీ ఏడాది పొడుగునా ఉండే తీరిక లేదు కనుక ఏడాదినే వారాలుగా కోసి పంచుకున్నారు. ఎవరి వారంలో వాళ్ళు వచ్చి ఉండాలి; ఆ వారంలో ఇల్లు పూర్తిగా వాళ్ళది, తక్కిన వారాల్లో వాళ్ళది కాదు.

అన్నదమ్ములు భూమిని పంచుకోవడం మా వైపు అందరూ చూసినదే. ఇంటి మధ్య గోడ లేపుకోవడమూ చూసినదే. కాలాన్ని పంచుకోవడం మాత్రం కొత్త. అయినా పక్క చేను రైతుకు నాన్న ఒక్కసారి చెబితే అర్థమైపోయింది. "బాయి నీళ్ళ వంతు లెక్క ఇంటి వంతు అన్నట్టు," అన్నాడట. నేను అప్పుడే హైదరాబాద్‌లో డిగ్రీ ముగించి ఇంటికి వచ్చాను. కాలేజీలో మూడేళ్ళుగా వక్తృత్వ పోటీల్లో మాట్లాడి, ఏ విషయానికైనా ముందు నిర్వచనం అడగడం అలవాటైన దాన్ని. ఒకే ఇల్లు ఏడుగురిదీ అయినప్పుడు, ఎవరూ లేని ఆదివారం మధ్యాహ్నం అది ఎవరిది అని నాన్నను అడిగాను. చీపురు అందుకొమ్మన్నాడు.

ఆదివారం మధ్యాహ్నమే మా అసలు పని. ఉదయం ఒక కుటుంబం వెళ్ళిపోయేది, సాయంత్రానికి మరొకటి దిగేది. ఆ నడుమ మేము ఇల్లు మార్చేవాళ్ళం. మా ఇంట్లో ఆ పనిని ఆ మాటతోనే పిలిచేవాళ్ళం. వెనక గదిలో వరుసగా ఏడు ఇనుప బీరువాలుండేవి, కుటుంబానికొకటి. వెళ్ళిన వాళ్ళ దేవుళ్ళ పటాలు, దుప్పట్లు, ఊరగాయ జాడీలు, గోడమీది ఫొటోలు వాళ్ళ బీరువాలోకి పోవాలి. వచ్చేవాళ్ళవి బయటికి రావాలి. తమకంటే ముందు మరొకరు అక్కడ పడుకున్నారన్న ఊహే ఎవరికీ రాకూడదు. మేకులు మాత్రం అందరికీ ఒకటే.

ఒకసారి నాన్న పొరపాటున ఒకరి తండ్రిగారి దండ వేసిన ఫొటోను మరొకరి వారంలో గోడకు తగిలించాడు. ఆ వచ్చిన డాక్టరు కుటుంబం ఆయనెవరో ఇల్లు అమ్మిన పాత యజమాని కాబోలు అనుకొని, రెండు రోజులు దీపం పెట్టి మొక్కింది. ఆ సంగతి తెలిసి ఏడు కుటుంబాలూ నెలల తరబడి నవ్వుకున్నాయి. మంచి రోజులే అవి.

వంట చేసేది మొగుడంపల్లి నుంచి వచ్చిన ఒక ముసలావిడ. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమెకు సగం మాటలు కన్నడంలో వచ్చేవి, సగం తిట్లుగా వచ్చేవి. వాటాదారులందరూ కలిసి వచ్చిన మొదటి రోజు, ఈ ఇంట్లో ఏడుగురికీ సమాన వాటా అని నాన్న ఆమెకు చెప్పాడు. ఆమె చేతిలో గరిటె ఆపి అందరినీ ఒకసారి పారజూసి, "అయితే మీరంత పాలోళ్ళు," అంది.

మా ప్రాంతంలో పాలోళ్ళంటే ఒక తాతకు పుట్టిన సంతానం. ఆస్తిలో పాలు, అంటే వాటా, ఉన్నవాళ్ళు కనుక చావులోనూ పాలు ఉన్నవాళ్ళు. ఒకరింట్లో ఎవరైనా పోతే అందరి ఇళ్ళలోనూ మైల. హైదరాబాద్‌లో పెరిగిన పిల్లలకు అది తెలియదు. "మనం పాలు అమ్ముతమా డాడీ?" అని ఒక పిల్లవాడు అడిగాడు. ఆ నవ్వుతో ఆ మాట అక్కడ పాతుకుపోయింది. అందరికంటే ఎక్కువగా దాన్ని పట్టుకున్నది కాంట్రాక్టరు. వాటాదారులకు పెద్దగా వ్యవహరించేవాడు, గొంతు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే. ఏడాదికోసారి అందరూ కలిసే రోజున వరండాలో నిలబడి, "పాలోళ్ళూ, విస్తళ్ళు పడ్డయి, రాండ్రి," అని కేక వేసేవాడు. ఆ కేక నాకు నచ్చేది. అపరిచితులైన ఏడుగురు ఒక మాట చాటున బంధువులు కావడం ఎంతో సభ్యమైన విషయంగా తోచేది.

ఏడుగురిలో అందరికంటే నెమ్మదైన వాడు ఒక లెక్చరర్. ఆయన, ఆయన భార్య చలికాలంలో అల్లం తవ్వే రోజుల్లో వచ్చేవాళ్ళు. వాళ్ళ వారం అది. ఆయన వరండాలో కుర్చీ వేసుకొని లారీల చప్పుడు వింటూ కూర్చునేవాడు. ఆమె చేను దగ్గరికి పోయి మట్టి అంటిన పచ్చి అల్లం కొని తెచ్చి, కడిగి, తురిమి, చక్కెరతో మురబ్బా వండేది. వెళ్ళేరోజు తక్కిన ఆరు బీరువాల్లోనూ తలా ఒక సీసా పెట్టమని నాన్నకు ఇచ్చేది. ఒకరి వస్తువు మరొకరి బీరువాలో ఉండకూడదన్నది నియమం. నాన్న ఆ ఒక్క విషయంలో నియమం మరిచిపోయేవాడు. ఎవరు పెట్టారని ఏ కుటుంబమూ అడిగినట్టు నాకు గుర్తు లేదు. సీసాలు మాత్రం ఖాళీ అయ్యేవి.

ఆమెకు ఇంకొక అలవాటుండేది. చాయ తాగిన గ్లాసు తానే నల్లా దగ్గర కడిగి బోర్లించేది. పెద్దమ్మకు అది గిట్టేది కాదు.

"మేము సచ్చినమా?" అనేది.

"మన ఇంట్ల మనం కడుక్కుంటే ఏమైతదక్కా?" అనేది ఆమె.

తక్కిన ఆరు కుటుంబాల్లో ఎవరూ గ్లాసు కడగడం నేను చూడలేదు. కడగాలని కాదు. వాళ్ళకు ఆ ఇల్లు సెలవు, ఆమెకు ఇల్లు. ఆ తేడా నాకు అప్పుడు తెలియలేదు.

ఒక కార్తీకంలో ఆ లెక్చరర్ పోయాడు. హైదరాబాద్ బస్సు కండక్టరు చేత నాన్నకు కబురు వచ్చింది. నాన్న ఇంటికి వచ్చి చెప్పి, చాలాసేపు చెప్పులు విప్పకుండానే కూర్చున్నాడు. పెద్దమ్మ మా ఇంట్లోనే ఉంది. లేచి బంగళాకు పోయి, పొయ్యిలో నిప్పు ఆర్పి, కుండలు బయటపెట్టి, ఇత్తడి గిన్నెలన్నీ పెరట్లో బోర్లించింది. దేవుళ్ళ పటాలు దించి గోడవైపు తిప్పింది. పాలోడు పోయిండు కనుక దినాలు అయ్యేదాకా ఆ ఇంట్లో పొయ్యి ముట్టించేది లేదని నాన్నతో చెప్పింది.

ఆ వారం కాంట్రాక్టరుది. పైగా ఆయన కూతురి సంబంధం ఖాయం చేసుకోవడానికి బీదరు వైపు నుంచి పిల్లవాడి తరఫువాళ్ళు నేరుగా బంగళాకే వస్తున్నారు. పొయ్యి ముట్టించమని నాన్న పెద్దమ్మను బతిమాలాడు. బెదిరించడం ఆయనకు చేతకాదు. జహీరాబాద్ హోటలు నుంచి భోజనాలు తెప్పిద్దామని చివరికి నిశ్చయించుకొని సైకిలెక్కాడు. ఆయన తిరిగి రాకముందే జీపు వచ్చింది.

పిల్లవాడి తాత కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. బోర్లించిన గిన్నెలు చూశాడు. మెట్టుమీద కూర్చున్న పెద్దమ్మను అడిగాడు. ఆమె ఉన్నమాట చెప్పింది. ఆయన తడికాళ్ళతోనే హాల్లోకి వచ్చాడు. అందరూ కూర్చొని ఉన్నారు. పళ్ళేల్లో పూలు, పండ్లు సిద్ధంగా ఉన్నాయి.

"పాలోడు పోయిండట," అన్నాడాయన కాంట్రాక్టరుతో. "సూతకంల పిల్లనిస్తనని పిలిచినవా మమ్మల్ని?"

కాంట్రాక్టరు నవ్వాడు. అది ఉత్త మాటేనని, ఈ ఇల్లు ఏడుగురం కలిసి కొన్నామని, వంటావిడ తెలియక పెట్టిన పేరని చెప్పుకొచ్చాడు. ఆ మాట నిజమే. ముసలాయన మాత్రం కూర్చోలేదు. "ఉత్త మాట అయితే పొయ్యి ఎందుకు సల్లారింది?" అన్నాడు. ఆయన వెంట వచ్చిన వాళ్ళు కండువాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. లోపలి గదిలో ఆ పిల్ల కొత్త చీరలో తలుపు పట్టుకొని నిలబడి ఉంది.

కాంట్రాక్టరు నా వైపు తిరిగాడు. "నువ్వు చదువుకున్నదానివి బిడ్డా. జర తాతకు సమఝాయించు."

నేను ఆయన తరఫున మాట్లాడదలచుకోలేదు. ఇటువైపు వాదించమంటే ఇటు, అటువైపు వాదించమంటే అటు మాట్లాడే కాలేజీ ఆట ఇక ఆడనని నాకు నేను మాట ఇచ్చుకొని ఉన్నాను. పాలోళ్ళన్న మాట పెట్టింది పెద్దమ్మే అయినా మూడేళ్ళుగా వాడుతున్నది ఆయన. కనుక జవాబు చెప్పవలసినదీ ఆయనే. అదే అన్నాను. "అది మీరే చెప్పాలి సార్. పోయినాయనకు మీరు పాలోళ్ళా, కాదా?" అని అడిగాను.

సూటి ప్రశ్న మనిషిని తన మాటకు కట్టిపడేస్తుందని నేను నమ్మేదాన్ని. కనీసం ఒక క్షణమైనా ఆయన తడబడతాడనుకున్నాను.

"కాదు," అన్నాడు. "ఆయనెవరో, నేనెవరో."

ముసలాయన కూర్చున్నాడు. కండువాలు సర్దుకున్నవాళ్ళూ మళ్ళీ కూర్చున్నారు. పెరటి గుమ్మంలోకి వచ్చి వింటున్న పెద్దమ్మ "సరె అయితే" అని లోపలికి పోయింది. కాసేపటికి పొయ్యి పొగ హాల్లోకి వచ్చింది. నాన్న హోటలు భోజనాలతో తిరిగి వచ్చేసరికి ఇంట్లో పాయసం ఉడుకుతోంది.

లెక్చరర్ దినాలకు మా నాన్న ఒక్కడే వెళ్ళాడు. తక్కిన ఆరుగురిలో ఇద్దరు ముగ్గురు మొదటిరోజే చూసి వచ్చారని విన్నాను, కాంట్రాక్టరు పోలేదు. సూతకం సంగతి పిల్లవాడి వైపువాళ్ళు మళ్ళీ ఎత్తుతారేమోనని భయపడి ఉంటాడు. లెక్చరర్ భార్య నాన్నను కూర్చోబెట్టి అన్నం పెట్టిందట. బంగళా క్షేమం అడిగిందట. "నా వారం వరకు వస్త. ఆయన లేకుంటే ఏమాయె, అల్లమైతే తవ్వుతరు కద," అందట. నాన్న ఆ మాట మాకు రెండుసార్లు చెప్పాడు. ఏడాది తిరగక ముందే గడప దాటితే నలుగురూ ఏమంటారో ఆమెకు తెలియనిది కాదు. తెలిసే ఆ ఒక్క వారం అడిగింది.

అల్లం తవ్వే రోజులకు ఇంకా నెల ఉందనగా వాటాదారులు కూడారు. చలికాలపు ఆ వారం అందరికీ ఇష్టమైనదే. వాటాదారుడు పోతే వాటా ఏం కావాలో రాసుకున్నప్పుడు, మిగిలినవాళ్ళు కలిసి నిర్ణయించాలని మాత్రమే రాసుకున్నారు. అప్పుడు ఎవరూ పోతామనుకోలేదు. వాటాకు విలువ కట్టి ఆమెకు ఇచ్చేసి, వారాన్ని తామే ఉంచుకుందామని కాంట్రాక్టరు ప్రతిపాదించాడు. ఆయన మాటల్లో కోపం లేదు, పేరాస కూడా లేదు. ఆడమనిషి ఒక్కతే వచ్చి ఏం చేస్తుంది, ఏడాది దాకా రానే రాదు, పాపం ఆమెకు మాత్రం బరువెందుకు అన్నాడు. అందరూ తలలూపారు.

నేను వరండా స్తంభం దగ్గర నిలబడి మాట్లాడటానికి అనుమతి అడిగాను. ఇచ్చారు. ఆమె వస్తానని కబురు చేసిన సంగతి చెప్పాను. వాటా కొన్నది ఒక మనిషా, ఒక కుటుంబమా అని అడిగాను. కుటుంబాలని తామే చెప్పుకుంటూ, ఒకరు పోగానే మనిషి లెక్కకు దిగడం ఏ న్యాయమని అడిగాను. ఏడాదికోసారి ఇదే వరండాలో వినబడే కేక గురించి కూడా చెప్పాను. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. ఎక్కడా తడబడలేదు.

ముగించగానే వాళ్ళు చప్పట్లు కొట్టారు.

డాక్టరు భార్య కళ్ళు తుడుచుకుంది. ఎవరో "వకీలువు కావాలె బిడ్డా నువ్వు" అన్నారు. ఇంకొకరు నాన్నను పిలిచి, ఇట్లాంటి బిడ్డను కన్నందుకు భుజం తట్టారు. కాంట్రాక్టరు పళ్ళెంలో నుంచి లడ్డూ తీసి స్వయంగా నా చేతిలో పెట్టాడు. "ఎంత మంచిగ మాట్లాడినవ్," అన్నాడు నిజమైన సంతోషంతో. "పాలోళ్ళమే అయితే నువ్వన్నట్టే కావాలె. కానీ కాదని నువ్వే కద నాతోటి అనిపించినవ్." అందరూ నవ్వారు. నవ్వు చల్లారాక ఆ వారం ఎవరికివ్వాలనే మాట వచ్చింది. కూతురి పెళ్ళి పనులున్నాయి కనుక ఈ ఏడాదికి కాంట్రాక్టరే వాడుకోవాలని ఏకగ్రీవంగా తేలింది. నా చేతిలో లడ్డూ అలాగే ఉంది.

కాలేజీలో నేను ఓడిపోయిన పోటీలున్నాయి. ఓటమికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. ఆ రోజు ఎవరూ నన్ను ఓడించలేదు. పాట విన్నట్టు విన్నారు, మెచ్చుకున్నారు, తమ పని తాము చూసుకున్నారు. నాన్న ఇంటికి వచ్చే దారిలో నా ముఖం చూడలేదు. భుజం తట్టించుకున్న సిగ్గు ఆయనది, చప్పట్లు కొట్టించుకున్న సిగ్గు నాది.

లెక్చరర్ భార్యకు కబురు తామే చేస్తామని కాంట్రాక్టరు అన్నాడు. చెప్పలేదు. దాచాలని కాదు. డాక్టరు చెప్పి ఉంటాడని ఆయన, ఆయనే చెప్పి ఉంటాడని డాక్టరు అనుకున్నారు. నిజమైన పాలోళ్ళలో ఇట్లాంటి మాటలు మోయడానికి ఒక ముసలమ్మైనా ఉంటుంది. వీళ్ళకు ఉన్నది మేమే. మమ్మల్ని చెప్పమని ఎవరూ అనలేదు. తెలిసిందనే మేమూ అనుకున్నాం.

ఆ ఆదివారం మేము కాంట్రాక్టరు కోసం ఇల్లు మార్చాం. ఒకప్పుడు డాక్టరు వాళ్ళు దీపం పెట్టి మొక్కిన ఆయన తండ్రిగారి ఫొటోను ఈసారి సరైన వారంలోనే తగిలించాం. మర్నాడు పొద్దున ఎర్రమట్టి బాట మీద ఆమె నడిచి వస్తూ కనబడింది. ఒక చేతిలో చిన్న ట్రంకు పెట్టె, మరో చేతిలో బరువైన గుడ్డ సంచీ. వరండా మెట్లు ఎక్కి, తెరిచి ఉన్న తలుపులోంచి గోడ వైపు చూసింది. ఫొటో చూసింది, మేకులకు వేలాడుతున్న ఇంకొకరి దేవుళ్ళను చూసింది. అక్కడే ఆగింది.

చెప్పవలసినది నేనే చెప్పాను. రెండు వాక్యాల కంటే ఎక్కువ పట్టలేదు.

ఆమె తల ఊపింది. "నేను ఉండనీకి రాలే బిడ్డా," అంది. "గిన్నెలు మిగిలినయి కద బీరువల. తీస్కపోదామని వచ్చిన."

చేతి సంచీని వెనక్కి జరిపింది. దాని మూతి కట్టు వదులై, లోపల చక్కెర పొట్లాలు, కడిగి ఆరబెట్టిన ఖాళీ సీసాలు కనబడుతున్నాయి. నేను వాటిని చూశానని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని నాకు తెలుసు. నేను బీరువా తాళం తీయడానికి లోపలికి నడిచాను.

గిన్నెలు తీసుకొని తిరిగి వచ్చేసరికి కాంట్రాక్టరు వరండాలో ఉన్నాడు. ఆయనకు ఆమెను చూసి నిజంగానే ప్రాణం లేచివచ్చినట్టుంది. "వదినె వచ్చిందే! గట్ల బయట్నే కూసున్నవేంది వదినా, లోపలికి రా. మా పిల్ల పెండ్లి కుదిరింది, తెలుసు కద? అన్నం తిని పోవాలె, ఊకనే పోనియ్య." పోయిన అన్నను గురించి చెబుతూ గొంతు తగ్గించాడు. మంచివాడు పోయాడన్నాడు. ఆయనకు తాను సొంత తమ్ముడిలాంటి వాడినన్నాడు.

వదినె. ఆ మాటకు ఆయనను ఎవరూ నిర్వచనం అడగలేదు. అడగవలసిన నేను కూడా అడగలేదు.

"బస్సు ఉన్నదన్నా," అంది ఆమె. "ఇంకోసారి."

"అయితే చాయన్న తాగు. బిడ్డా, వదినెకు చాయ పట్టుకరా."

వంటింట్లో పెద్దమ్మ అప్పటికే చాయ పోస్తోంది. అల్లం ఎక్కువగా దంచి వేసింది. గ్లాసు తీసుకుపోయి ఇచ్చాను. ఆమె వరండా అంచున, మా ఊళ్ళో పరాయి ఇంటికి పోయినవాళ్ళు కూర్చున్నట్టు, కుర్చీలో ముందుకు జరిగి కూర్చొని తాగింది. రోడ్డు మీద చెరుకు లారీలు పోతున్నాయి. కాంట్రాక్టరు పెళ్ళి ఏర్పాట్లు చెబుతున్నాడు, ఆమె శ్రద్ధగా వింటోంది.

చాయ అయిపోయింది. ఆమె లేచి, గ్లాసుతో అలవాటుగా నల్లా వైపు రెండడుగులు వేసింది. వంటింటి గుమ్మంలో పెద్దమ్మ నిలబడి ఉంది. అది చూసి ఆమె ఆగింది. చేతిలోని గ్లాసును ఒకసారి చూసుకొని, వెనక్కి వచ్చి, కడగకుండానే వరండా పిట్టగోడ మీద పెట్టింది. చుట్టాలు పెట్టినట్టు పెట్టింది.

"పోయొస్త," అని అందరికీ చెప్పింది.

నాన్న ట్రంకు పెట్టె ఎత్తుకొని బస్సు దాకా ఆమె వెంట పోయాడు. ఆమె ప్రశ్నించి ఉంటే నా దగ్గర జవాబులున్నాయి. నేను ఆమె పక్షాన మాట్లాడానని, నా ప్రశ్నలో తప్పు లేదని, తప్పు జవాబులోనే ఉందని ఈనాటికీ నిరూపించగలను. నా సిగ్గు మాత్రం ఆ వాదనలేవీ విన్నది కాదు. నేను గ్లాసు తీసుకొని నల్లా దగ్గరికి పోయాను. పెద్దమ్మ నా చేతిలోంచి దాన్ని లాక్కుంది.

"ఇడువు," అంది. "సుట్టాల గ్లాసు. మనమే కడగాలె ఇంక."